పైడమ్మకు పెట్టిన మీసం

1982. జంషెడ్‌పూర్ భాలుబాసాలో మాకు డ్రెస్సుల దుకాణం ఉండేది. నాటకాలకు కిరీటాలు, గదలు, జడలు అద్దెకిచ్చి, మేకప్ కూడా మేమే చేసేవాళ్లం. మా ఇంట్లో అందరూ కొట్లవాళ్లే కాబట్టి నాకు బేరం ఉగ్గుపాలతో వచ్చింది. రాముడి కిరీటం కోసం వచ్చిన వాడికి రావణుడి పది తలలూ అంటగట్టి పంపిన ఘనత నాది.

ఒక మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. కాంట్రాక్టు పనిలో రేజా, అంటే ఇటుకలు మోసే కూలి. వెంట ఫూల్మణి అనే సంతాలీ గిరిజనురాలు, చంకలో పాత దుప్పటి చుట్టిన డోలు. వాళ్ల పల్లెల్లో డోలు మగవాళ్లే వాయించాలి.

“ఏటప్పా, పెళ్లా?” డోలు చూసి అడిగాను.

“నాటకం బాబూ. ఆదివారం సాయంత్రం బారిడీహ్‌లో. మనోళ్లు, సంతాలీలు, ఒడియావోళ్లు, అందరం ఆడోళ్లమే. నాను మున్షీని.”

మున్షీ అంటే కూలీల హాజరు రాసే గుమాస్తా. హాజరు వెయ్యాలంటే ఆడవాళ్లను షెడ్డు వెనక్కి రమ్మనే మున్షీ కథ అది. అసలు మున్షీ ఎవరో ఆమె చెప్పలేదు. కూలీల అడ్డాలో వాణ్ణి ఎరగని వాళ్లు లేరు, నాతో సహా.

“ఎవుడిదీ కాని మీసం ఎట్టు బాబూ. అదొక్కటే కావాల,” అంది.

అలాంటి మీసాలు డజను ఉన్నాయి నా దగ్గర. కానీ నాలో కళాకారుడు నిద్ర లేచాడు. ఆదివారం బారిడీహ్‌లో తెరగా కట్టిన టార్పాలిన్ వెనక ఆమెను కూర్చోబెట్టి క్రేప్, అంటే నకిలీ వెంట్రుక, పాయపాయగా అతికించాను. కుడి కొస పైకి, ఎడమ కొసన తెల్లపాయ. అద్దం ఇచ్చాను.

చూసుకున్న పైడమ్మ అద్దం బోర్లించింది.

“ఇది ఆడిదే.”

“బాగా కుదిరింది కదా?” అన్నాను, ఇంకా బుద్ధి రాక.

“తీసీ బాబూ. ఆడొచ్చి ముందర కూకున్నాడు.”

స్పిరిట్ గమ్ అనే జిగురు ఊరికే ఊడదు. లాగితే చర్మం వస్తుంది. దాన్ని కరిగించే మందు సీసా కొట్లోనే మరిచిపోయాను. బయట ఫూల్మణి డోలు మొదలైంది. పైడమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ మీసంతోనే ఆటలోకి వెళ్లిపోయింది.

టార్పాలిన్ చిల్లులోంచి చూశాను. మున్షీ కుర్చీలో, పక్కన వాడి మనుషులు ఇద్దరు. పైడమ్మ కనబడగానే చూసేవాళ్లలో ఒకామె నవ్వబోయి నోరు మూసుకుంది. ఆ తర్వాత ఆడవాళ్లందరూ నాటకం వదిలి మున్షీ కేసే చూడసాగారు. డోలు మాత్రం ఆగలేదు.

నాటకం అయిపోయింది. చప్పట్లు లేవు. మున్షీ లోపలికొచ్చాడు.

“యే మూచ్ కిస్‌నే బనాయీ?” ఈ మీసం ఎవడు చేశాడని.

పది తలలు అంటగట్టిన మొనగాణ్ణి, జిగురంటిన వేళ్లు వీపు వెనక దాచుకున్నాను.

“నానే ఎట్టుకున్నాను. ఆ మీసం నీ ఒక్కడికే ఉందేటి?” అంది పైడమ్మ.

వాడు కొస పట్టుకుని లాగాడు. సగం మీసం, దాంతో చర్మమూ వచ్చాయి. ఫూల్మణి డోలుతో మధ్యకొచ్చి నిలబడింది. ఆమె వెనక ఒక్కొక్కరే ఆడవాళ్లు లోపలికొచ్చారు. వాడు వాళ్లందరినీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు. సోమవారం నుంచి పైడమ్మకీ ఫూల్మణికీ పని లేదు.

రెండు నెలలకు పైడమ్మ మళ్లీ కొట్టుకొచ్చింది. పైపెదవి మీద మచ్చ. నేను తల ఎత్తలేకపోయాను.

“ఏది కావాలంటే అది తీసుకో అప్పా. అద్దె వద్దు.”

“నువ్వేనా బాబూ ఆ మాట అన్నది? పర్సుడీహ్‌లో ఆడతన్నాం. ఆ మీసమే మళ్లీ కట్టు.”

“ఆ మీసమేనా?”

“అదే. ఆ పాలి నువ్వెట్టావు. ఈ పాలి నానెట్టుకుంతన్నాను.”

అప్పటినుంచి, వేషం ఎవరిదని అడిగే ముందు, ముందు వరసలో ఎవరు కూర్చుంటారని అడుగుతాను. సంచిలో మొదట పెట్టేది ఆ జిగురు కరిగించే సీసానే.