గౌరయ్య పెట్టిన క్యాజువల్ లీవు

మేడ్చల్ పంపుల ఫ్యాక్టరీలో గౌరయ్య గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట చెప్పేవారు. మనిషి బంగారం, సెలవు పెట్టమంటే మాత్రం చెమటలు పడతాయి. జ్వరం వచ్చినా మెడకు మఫ్లర్ చుట్టుకుని డ్రిల్లింగ్ మిషన్ ముందు నిలబడే రకం. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆ భయం ఎక్కడిదో తెలిసినవాళ్ళు నవ్వేవారు కాదు.

1991లో చేరినప్పుడు ఆయన క్యాజువల్. అంటే పర్మినెంటు కానివాడని. పొద్దున ఆరున్నరకు వాచ్‌మన్ ఎల్లయ్య రేకు డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవాడు. అందులో ముప్పై ఇత్తడి బిళ్ళలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. బిళ్ళ ఉన్నవాడు లోపలికి, లేనివాడు ఇంటికి. నిన్నటి బిళ్ళ ఇవాళా నీదే, కానీ నువ్వు వస్తేనే. ఒక్కరోజు రాకపోయావా, అది బయట నిలబడ్డ ఇంకొకడికి పోతుంది, ఇక ఎప్పటికీ వాడిదే. రిజిస్టరులో పేర్లుండవు. సూపర్‌వైజరు కూడా "ఏయ్ పదిహేడు" అని పిలిచేవాడు. గౌరయ్య పదిహేడు.

ఆ బిళ్ళ ఒక్కసారి పోయింది. కూతురు సుస్మితను బడిలో వేసిన రోజున. పిల్ల చెయ్యి వదలకుండా ఏడ్చింది, ఊరుకోబెట్టి ఫ్యాక్టరీకి చేరేసరికి తొమ్మిదయింది. పదిహేడు ఎవరో కుత్బుల్లాపూర్ అతని జేబులో ఉంది. రెండు నెలలు గేటు బయట నిలబడితే గానీ ఇంకో బిళ్ళ దొరకలేదు. ఆ తర్వాత పిల్లకు బహుమతి వచ్చినా, డిగ్రీ పట్టా ఇచ్చినా గౌరయ్య వెళ్ళలేదు. భార్య దుర్గాబాయి ఒక్కతే వెళ్ళి కూర్చుని వచ్చేది. ఎందుకు రావని పిల్ల అడిగితే "డ్యూటీ ఉంది బిడ్డా" అనేవాడు, అంతే.

1999లో పర్మినెంటు చేశారు. ఖాకీ యూనిఫారం, పేరు రాసిన పంచ్ కార్డు, ఏడాదికి పన్నెండు క్యాజువల్ లీవులు. మొదటి రెండూ కళ్ళకద్దుకున్నాడు గానీ ఆ లీవుల జోలికి మాత్రం పోలేదు. ఏళ్ళ తరబడి తనను గేటు బయట నిలబెట్టిన క్యాజువల్ అన్న మాట, పక్కన లీవు చేర్చినంత మాత్రాన మంచిదైపోతుందా? ఎనిమిది గంటల డ్యూటీకి ఇప్పటికీ ఆరున్నరకే వచ్చేవాడు.

టైమాఫీసు గుమాస్తా పట్టాభిరామయ్యకు ఈ తంతు చూస్తే వింతగా ఉండేది. ఆయనది తణుకు వైపు, కొత్త కాలనీలో కాపురం. ఆవకాయ పెట్టడానికి కూడా సీఎల్ పెట్టే మనిషి.

"ఎందుకండీ ఇలా దాస్తారు? డిసెంబరు ముప్పై ఒకటి దాటితే పన్నెండూ గాల్లో కలిసిపోతాయి గౌరయ్యా."

"కలవనియ్యి సార్, నేనైతే ఈడనే ఉంట గద," అనేవాడు గౌరయ్య.

2007లో శామీర్‌పేట దాటాక కొత్తగా వచ్చిన ఒక మందుల పరిశోధన కంపెనీలో సుస్మితకు ఉద్యోగం వచ్చింది. మొదటి శుక్రవారం జీన్స్ వేసుకుని బయలుదేరితే దుర్గాబాయి నోరు నొక్కుకుంది. శుక్రవారం తమ దగ్గర అందరూ క్యాజువల్సే వేసుకుంటారని పిల్ల చెప్పింది. గౌరయ్యకు మింగుడుపడలేదు. పెద్ద జీతగాళ్ళు కోరి కోరి ఆ పేరున్న బట్టలు కట్టడమేమిటి? ఇక్కడ తను ఇస్త్రీ చెడకుండా యూనిఫారం వేసుకోవడానికి ఎనిమిదేళ్ళు ఎదురుచూశాడు.

నవంబరులో ఒక సాయంత్రం అన్నం తింటూ సుస్మిత అంది, "వచ్చే శుక్రవారం మా ఆఫీసుకు తల్లిదండ్రులను రమ్మన్నరు బాపూ. ఊకెనే క్యాజువల్‌గా చెప్తున్న. వస్తే రా, లేకుంటే లేదు."

చెప్పినంతసేపూ కంచం మీది నుంచి తల ఎత్తలేదు. ఆమె లేచి వెళ్ళాక దుర్గాబాయి అందుకుంది.

"ఇన్నేండ్లు నేనే పోయిన. ఈసారి నేను పోను. నువ్వు పోకుంటే దాని దిక్కు నుంచి ఎవ్వరుండరు. ఇగ నీ ఇష్టం."

అన్నదంటే అన్నదే, ఆమె సంగతి గౌరయ్యకు తెలుసు. రెండు రోజులు లీవు ఫారం జేబులో పెట్టుకుని తిరిగి, మూడో రోజు టైమాఫీసులో ఇచ్చాడు. పట్టాభిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కారణం ఏమని రాయమంటారు?"

"బిడ్డ ఆఫీసు చూసేదుంది సార్."

శుక్రవారం వచ్చింది. దుర్గాబాయి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. పెట్టి ఏం లాభం? మన గౌరయ్య ఆరున్నరకల్లా యూనిఫారంలో ఫ్యాక్టరీ గేటు ముందున్నాడు.

"గౌరన్నా, నీకు ఇయ్యాల లీవు గదనే," అన్నాడు ఎల్లయ్య, బిళ్ళలు పంచుతూనే.

"ఎరికే. ఊకెనే వచ్చిన."

క్యాజువల్స్ నిలబడే గోడ పక్కనే ఎనిమిది దాకా నిలబడ్డాడు. టైమాఫీసు తెరవగానే లోపలికి వెళ్ళి పంచ్ కార్డు వెతికాడు. కార్డు తన అరలోనే ఉంది. కిటికీలోంచి చూస్తే తన మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఎవరూ లేరు.

"ఎవర్నీ వెయ్యలేదండీ మీ చోట్లో," అన్నాడు పట్టాభిరామయ్య వెనక నుంచి. "ఎవర్నీ వెయ్యరు కూడా. అక్కడ అమ్మాయి ఎదురుచూస్తుంటుంది, ముందు కదలండి. కదలకపోతే నా స్కూటరు మీద నేనే దింపేస్తాను."

కదల్లేదు. ఆయనే దింపాడు.

సుస్మిత తమ ఆఫీసు గేటు బయట నిలబడి ఉంది. అందరి తల్లిదండ్రులూ పట్టుచీరల్లో, మడత నలగని చొక్కాల్లో లోపలికి వెళ్ళిపోయారు. ఖాకీ బట్టల్లో స్కూటరు దిగుతున్న తండ్రిని చూసి ఆమె ముఖం వాడిపోయింది.

"డ్యూటీకి పోయినవా బాపూ? ఇటు నుంచి ఇటే మళ్ళ పోతవా?"

"లే బిడ్డా. లీవే. పూర దినం లీవు."

ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పెద్ద హాలులో వరసగా బల్లలు. ఒకదాని మీద చిన్న రేకుపట్టీకి ఇంగ్లీషులో ఏవో అక్షరాలు. "అది నా పేరే" అంది సుస్మిత. గౌరయ్య దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపాడు.

"ఒక దినం నువ్వు రాకుంటే ఈడ ఎవరన్న కూసుంటరా?"

"ఎవరు కూసుంటరు? నా పేరుంది గద."

గౌరయ్య వేలు ఆ పట్టీ మీదే ఆగింది. "నిన్ను బడిల ఏసిన దినం నా బిళ్ళ పోయింది బిడ్డా. రెండు నెలలు బయట నిలబడ్డ. అందుకే మల్లెన్నడు రాలే. రావొద్దని కాదు."

సుస్మిత కుర్చీ లాగి, భుజాలు పట్టి తండ్రిని అందులో కూర్చోబెట్టింది. కళ్ళు తుడుచుకుని, తాగడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గౌరయ్య నీళ్ళు తాగి, కుర్చీలో వెనక్కి వాలి, ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది బయటపెట్టేవాడిలా గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంక పదకొండున్నయి బిడ్డా. డిసెంబరుల అయిపోతయట. యాడికి పోదాం?"