ఎలీశమ్మ ఇంట్లో రెండు నీళ్ల గోడ

ఈ సంగతి రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇప్పుడు మా వైపు చిన్న ఊళ్లలో కూడా జిప్సం బోర్డు గోడలు లేస్తున్నాయి. సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లు కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తారు, నీళ్ల పైపులు ఎటు నుంచి ఎటు పోవాలో గీసిమ్మంటారు. గీసిస్తాను. ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్తాను. తలూపి వెళ్లిపోతారు. బోర్డు బిగించాక గోడలో ఏముందో ఎవరికీ కనబడదు. దాని గురించి సరైన కాగితం కూడా లేకపోతే ఆ ఇంట్లో ఉండేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. నా ఉద్యోగంలో అట్లాంటిది ఒకసారి జరిగింది. జరగనిచ్చినవాణ్ని నేనే కాబట్టి రాయవలసినవాణ్ని కూడా నేనే.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు, ఊరూరికీ కృష్ణ నీళ్ల పైపులు పరుస్తున్న ఏడాది, మార్చి నెలలో నన్ను నందికొండ నుంచి చిట్యాల వైపు పంపించారు. హోదా వర్క్ ఇన్‌స్పెక్టర్. అంటే ఇంజనీరు కాదు, కూలీ కాదు. ఇంజనీరు గీసినట్టే కూలీలు వేశారా లేదా అని చూసి, పరీక్ష చేయించి, సంతకం పెట్టేవాడు. నేను చదివింది పదో తరగతి. పంపుహౌస్‌లో హెల్పరుగా చేరి, ఫిట్టరునై, సర్వీసు చివర్లో ఈ హోదాకు వచ్చాను. మిగతా చదువంతా కాలనీ గ్రంథాలయంలో జరిగింది. అక్కడ ఒక మూల బీరువాలో ఇంగ్లిషు ఇంజనీరింగ్ పుస్తకాలు ఎవరూ ముట్టక దుమ్ముపట్టి ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇళ్ల పైపుల పని గురించిన ఒక లావు పుస్తకాన్ని మూడేళ్లలో పూర్తిచేశాను. అందులోని బొమ్మలన్నీ నోటుబుక్కుల్లోకి దించుకున్నాను. ఈ సంగతి కనబడిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని. ఇప్పుడూ చెప్పకుండా ఉండలేకపోయాను.

చిట్యాలకు దగ్గర్లోని ఒక ఊళ్లో ఎలీశమ్మ ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాను. ఆమె ఏఎన్ఎం. చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగి పిల్లలకు సూదులు వేసేది. భర్త ప్రసాదు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు బొంబాయి దారిలోనే ఉంటాడు. ఇంట్లో ఆమె తల్లి సువార్తమ్మ, ఆరేళ్ల కూతురు రూతు. సువార్తమ్మ పుట్టినప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లే తాగిన మనిషి. మోకాళ్లు వంగిపోయి చాపడానికి రావు. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాలి. అయినా పొయ్యి దగ్గర ఎవరినీ రానిచ్చేది కాదు.

ఆ ఏడాదే ఎలీశమ్మ ఇంటి వెనక జాగాలో రెండు గదుల కొత్త ఇల్లు మొదలుపెట్టింది. నేను పైపుల మనిషినని తెలిసి ఒక ఆదివారం కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది.

“అన్నా, ఇల్లు చిన్నగున్నా నాకు ఫికర్ లేదు. బోరు నీళ్లు ఒకదిక్కు, కృష్ణ నీళ్లు ఒకదిక్కు ఉండాలె. రెండు ఏడ గూడ గలవొద్దు. అవ్వ కాళ్లు ఎట్లగూ వంగినయ్. దీని పండ్లన్న మంచిగ రావాలె.”

రూతుకు అప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. చిగుళ్ల లోపల కొత్త పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువుంటే పళ్లు గారపట్టి వస్తాయనీ, ఎముకల సంగతి ఆ తర్వాత తెలుస్తుందనీ ఎలీశమ్మకు ఉద్యోగరీత్యా తెలుసు. కొత్త ఇంటి నుంచి ఆమె కోరింది ఈ ఒక్కటే.

నేను వారం రోజులు కూర్చుని పటం గీశాను. మిద్దె మీద రెండు ట్యాంకులు. పెద్దదానికి మోటారుతో బోరు నీళ్లు, అవి స్నానానికీ గిన్నెలు తోమడానికీ. చిన్నదానికి వీధి నల్లా నుంచి కృష్ణ నీళ్లు, అవి తాగడానికీ వంటకూ. వంటింట్లో పక్కపక్కనే రెండు నల్లాలు. ఎర్ర గీతలు బోరుకు, నీలం గీతలు కృష్ణకు. స్నానాలగదిలో సువార్తమ్మ పట్టుకుని లేవడానికి ఒక స్టీలు కడ్డీ కూడా పెట్టాను. అది ఎంత ఎత్తులో ఉండాలో పుస్తకంలో ఒక కొలత ఉంది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూస్తే పుస్తకం కొలత ఆమెకు జానెడు పైన ఉంది. పుస్తకం కొలత కొట్టేసి ఆమె కొలత రాశాను. “నా మీద గూడ టేపు వెట్టినవా కొడుకా, బట్టలు గుట్టిస్తవా ఏంది,” అని ఆమె నవ్వింది.

తగాదా గోడ దగ్గర వచ్చింది. వంటింటికీ స్నానాలగదికీ మధ్య గోడలోనే పైపులన్నీ పోవాలి. మేస్త్రి యాదయ్య ఎప్పటిలాగే నాలుగంగుళాల ఇటుక గోడ కట్టి, తర్వాత ఉలితో గాడి కొట్టి పైపులు దించి సిమెంటు పూస్తానన్నాడు. పైపుల పని కూడా ఆయనదే. అంత పలుచటి గోడకు అన్ని గాడులు కొడితే బీటలిస్తుందని నేను అన్నాను. ఇనుప రేకు చట్రం నిలబెట్టి, పైపులు దాని మధ్యలో నడిపి, రెండు వైపులా, పైన అట్ట అంటించి ఉండే జిప్సం బోర్డు బిగిద్దామన్నాను. స్నానాలగది వైపు తడికి తట్టుకునే ఆకుపచ్చ బోర్డు, దాని మీద టైల్స్. కడ్డీ వచ్చే చోట లోపల మందపాటి ప్లైవుడ్ ముక్క. ఇదంతా పుస్తకంలో చదివిందే. నేను కళ్లతో చూసిన బోర్డు గోడ అప్పటికి ఒక్కటీ లేదు.

యాదయ్య నన్ను కిందికీ మీదికీ చూసి, సారు అట్టల ఇల్లు కట్టమంటుండు, వానొస్తే ఇల్లు మడిచి చంకల పెట్టుకోవచ్చు అని ఊరంతా చెప్పాడు. కొన్నాళ్లు నన్ను అట్టల సారు అనే పిలిచారు. బోర్డు పనికి చిట్యాల నుంచి గౌస్‌ను పిలిపించాను. అప్పటిదాకా ఆయన హైవే మీది దుకాణాలకూ ఫంక్షన్ హాళ్లకూ సీలింగులు వేసేవాడు. నా పటం చూసి, సీలింగును నిలబెడితే గోడ, అంతే కదా సార్ అన్నాడు. అంత తేలికగా తేల్చేసినందుకు నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

పైపులు అతికించిన మరునాడు పరీక్ష పెట్టుకున్నాం. మా ఉద్యోగంలో అది తప్పనిసరి నియమం. పైపు మూతలన్నీ బిగించి, చేతి పంపుతో లోపలికి నీళ్లు కొట్టి, రోజువారీ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజీ ముల్లు దిగుతుందేమో గడియారం పెట్టుకుని చూడాలి. ముల్లు కదలకపోతే అతుకులు గట్టివని అర్థం. పంపు ఒకటే ఉంది, పైపు దారులు రెండు. రెండుసార్లు కొట్టడం ఎందుకని యాదయ్య చట్రం మధ్యలో బోరు పైపుకూ కృష్ణ పైపుకూ నడుమ జానెడు ముక్క అతికించి రెండింటినీ కలిపాడు. ఒక్క పంపుతో రెండూ నిండుతాయి. పరీక్ష అయ్యాక ఆ ముక్క కోసేసి రెండు కొసలకూ మూతలు పెట్టాలి. చాలామంది మేస్త్రీలు చేసే పనే. నాకు చెప్పే చేశాడు.

గంటన్నర ముల్లు కదలలేదు. నేను గేజీ ముందు నుంచి లేవలేదు. ఈలోగా యాదయ్యకు ఇంకో ఊళ్లో స్లాబు పని ఉందని ఫోనొస్తే వెళ్లిపోయాడు. ఆ వచ్చే ఆదివారం గృహప్రవేశం ప్రార్థన ఉంది, టైల్స్‌కు నాలుగు రోజులు కావాలి. గౌస్ బోర్డులు మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి, ఇక్కడ ఒక పైపు అడ్డం వస్తోంది, చట్రంలోని ఈ నిలువు రేకు ఛానల్ కొంచెం జరుపుతున్నా సార్ అన్నాడు. నేను గేజీ మీది నుంచి కన్ను తీయకుండా జరుపుకోమన్నాను. సాయంత్రానికి గోడ మూసుకుంది. బోర్డు మీద పెన్సిలుతో “పరీక్ష అయినది” అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఆఫీసులో అలవాటు.

ఆదివారం ప్రార్థన బాగా జరిగింది. పాస్టరుగారు గోడను వేలితో కొట్టి చూసి గట్టిగానే ఉందన్నారు.  మూడో రోజు ఎక్కడో పైపు పగిలి ఊరికి కృష్ణ నీళ్లు ఆగిపోయాయి. రెండు రోజులు రాలేదు. ఎలీశమ్మ వంటింటి కృష్ణ నల్లా మాత్రం ఆగలేదు. పక్కిళ్లవాళ్లు బిందెలు తెచ్చి నింపుకుపోయారు. అట్టల సారు లెక్క అట్లుంటదని ఒకరిద్దరు అన్నారు కూడా. చిన్న ట్యాంకులో ఐదొందల లీటర్లే పడతాయి. అన్ని బిందెలు ఎక్కడి నుంచి వస్తున్నాయని ముందు అనుమానపడవలసింది నేను. మెచ్చుకుంటుంటే వింటూ కూర్చున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి సువార్తమ్మ పొయ్యి దగ్గరే ఉంది. గంట దాటినా కందిపప్పు మెత్తబడలేదట.

“గివి కృష్ణ నీళ్లు గావు కొడుకా,” అంది.

అవి కృష్ణ నీళ్లేనని చెప్పాను. పప్పు పాతదై ఉంటుందన్నాను. రెండు దారులూ వేరనీ, నేనే పరీక్ష చేసి సంతకం పెట్టాననీ వివరించాను. ఆమె గరిటెతో నాలుగు గింజలు తీసి నా అరచేతిలో పెట్టింది. వేళ్లతో నొక్కితే నలగలేదు.

“పప్పు మొన్నటిదే. మొన్న గిదే పప్పు నల్లా నీళ్లల్ల వెన్నలెక్క ఉడికింది. నీ సంతకం సంగతి నాకు తెల్వది. నలభై ఏండ్లు బోరు నీళ్లల్ల పప్పు వండిన. గిది బోరు పలుకే.”

అంతలో ఎలీశమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. తల్లి మాట విని రూతు చేతిలోని గ్లాసు తీసుకుని బయట పారబోసింది. తర్వాత నా వైపు చూసింది. 

నీళ్లు పరీక్షించే చిన్న పెట్టె మా ఆఫీసులో ఉండేది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఎర్రటి మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. సైకిలు మీద వెళ్లి తెచ్చాను. వంటింటి కృష్ణ నల్లా నీళ్లు పసుపుకు తిరిగాయి. అప్పుడు తట్టింది నాకు, యాదయ్య కలిపిన జానెడు ముక్క. ఫోను చేశాను. 

“నేను బొయినంక మీరు తీపిస్తరనుకున్న సారూ.”

అది తీసే పని ఆయనదేనని నేను వదిలేశాను, ముల్లు చూసే ధ్యాసలో ఆయన తీయకుండానే వెళ్లిన సంగతి పట్టించుకోలేదు. ముల్లు కదలలేదంటే నీళ్లు గోడలోకి కారడం లేదని మాత్రమే అర్థం. ఒక పైపులోంచి ఇంకో పైపులోకి పోతున్నాయో లేదో గేజీ చెప్పదు. చిన్న ట్యాంకు తగ్గినకొద్దీ పెద్ద ట్యాంకులోని బోరు నీళ్లు ఆ ముక్క గుండా దానిలోకి ఎక్కాయి. నల్లా ఆగకపోవడానికి కారణం అదే.

ముక్కను కోసెయ్యాలంటే అది ఎక్కడుందో తెలియాలి. నా పటంలో అది లేదు. తాత్కాలికం కదా అని గీయలేదు. గోడ నడుమ అన్నాడు యాదయ్య, గోడ పది అడుగులుంది. మొత్తం బోర్డు విప్పాల్సిందేనని గౌస్‌కు కబురు పంపాను. ఆయన వచ్చి, విప్పడం ఎందుకని, వేళ్లతో తడుముతూ స్క్రూల వరస వెతికాడు. స్క్రూలు ఛానల్‌లోకే దిగుతాయి కాబట్టి వరసలన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి, ఒక్కచోట మాత్రం వరస నాలుగు వేళ్లు జరిగి ఉంది.

“నేను ఛానల్ జరిపింది ఈడనే సార్. మీకు చెప్పిన గదా.”

అక్కడ వంటింటి వైపు బోర్డును అడుగు చదరంగా కోశాడు. ముక్క ఎదురుగా ఉంది. యాదయ్య వచ్చి, తానే కోసి, రెండు మూతలకు బదులు తొందరలో నాలుగు తెచ్చానని చెప్పి, మూతలు పెట్టాడు. చిన్న ట్యాంకు ఖాళీచేసి కడిగాం. బిందెలు పట్టుకుపోయిన ఇళ్లన్నీ నేనూ ఎలీశమ్మా కలిసి తిరిగి, ఆ నీళ్లు తాగొద్దని చెప్పాం. తప్పు నాదని చెప్పే బాధ్యత నేనే తీసుకున్నాను. ఒకాయన, అయితే ఇగ నల్లా ఎప్పటిలెక్కనే బందయితదా అని దిగులుగా అడిగాడు.

ఆ కోసిన చోట గౌస్ మళ్లీ అతుకు వేయబోతే ఎలీశమ్మ వద్దంది. తీసి పెట్టుకునే మూత పెట్టమంది. ఇప్పటికీ అక్కడ నాలుగు స్క్రూల మూత ఉంది.

ఆ తర్వాత నా సర్వీసు రెండేళ్లు మిగిలింది. ఆ రెండేళ్లలోనూ, రిటైరయ్యాక కూడా, రెండు రకాల నీళ్లున్న ఏ ఇంట్లోనైనా ఒత్తిడి పరీక్ష తర్వాత ఇంకో పరీక్ష చేస్తున్నాను. ఒక ట్యాంకు వాల్వు పూర్తిగా మూసి, ఆ దారిలోని నల్లాలన్నీ తిప్పి వదిలేస్తాను. కాసేపటికి అన్నీ ఆగిపోవాలి. ఒక్కటి కారినా గోడ మూయనివ్వను. మూసే ముందు పటాన్ని, గీసినట్టు కాకుండా కట్టినట్టు మళ్లీ గీస్తాను. కట్టినట్టు పటం తిరిగి గీయాలన్న మాట నా పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. చదివాను, నోటుబుక్కులోకి కూడా ఎక్కించుకున్నాను. చేయలేదు. పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్తుంది, అడగని దానికి చెప్పదు అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు.

రూతుకు ఇప్పుడు కొత్త పళ్లన్నీ వచ్చాయి. తెల్లగా ఉన్నాయి. అది నా వల్ల అని అనను. రెండు మూడు రోజుల నీళ్లతో చెడేదీ కాదు, బాగయ్యేదీ కాదు అని ఎలీశమ్మే చెప్పింది. కానీ సువార్తమ్మ ఆ రోజు ఊరుకుని ఉంటే అవి రెండు మూడు రోజులు కాకపోయేవి, ఏళ్లు అయ్యేవి.

ఇది రాయడానికి ఒప్పుకున్నందుకు ఎలీశమ్మకూ ప్రసాదుకూ, తన మాట కూడా రాయమని ధైర్యంగా చెప్పిన యాదయ్యకూ, చెప్పినా వినని మనిషికి రెండోసారి చెప్పినందుకు గౌస్‌కూ, ఒకే పుస్తకాన్ని మూడేళ్లపాటు మళ్లీ మళ్లీ నా పేరున రాసి ఇచ్చిన గ్రంథాలయం విజయలక్ష్మి మేడంకూ నా కృతజ్ఞతలు. సువార్తమ్మకు, పప్పు ఉడకలేదని చెప్పినందుకు.