దండెం మీద ఆస్పత్రి

మొన్న ఎవరిదో శుభలేఖ వచ్చింది. కవరు విప్పగానే గుప్పుమన్న అచ్చుసిరా వాసనకు, పెళ్లికూతురి పేరు చదవడం కూడా మరిచి రెజిమెంటల్ బజార్‌లోని ఓ ప్రింటింగ్ ప్రెస్ మేడ మీదికి వెళ్లిపోయాను. ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెత్తుతున్న రోజుల్లో నా మొదటి ఉద్యోగం ఆ మేడ మీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే. యజమాని విజయ మేడమ్ పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. గదికి అడ్డంగా ఒక దండెం కట్టి, కింది ప్రెస్‌లో పాడైన శుభలేఖలను దానికి బట్టల క్లిప్పులతో తగిలించేవారు. తెల్లగా ఉన్న వెనకవైపు, ఒక్కో అట్ట మీద ఒక్కటే సంగతి రాసి ఉండేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో దండెమేమిటని నాకు ఒకటే నవ్వు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన నన్ను కొన్నాళ్లు చూసి, పని నచ్చితే ఉంచుకుంటామన్నారు. అంతలో ఒక ఆస్పత్రి పని వచ్చింది. పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కుతాయో శనివారం డాక్టరుగారికి నేనే వివరించాలి. పేజీలకు పేజీలు రాశాను. చదివితే నాకే అర్థం కాలేదు.

"ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నవ్?" అన్నారు మేడమ్.

"ఏటో మేడమ్, తెలిసినవే అన్నీ. చెప్పబోతే కలగాపులగం అయిపోతన్నాయి. ఇక నన్ను ఇంటికి పొమ్మంటారేమో."

"జెర ఆగు. పేషెంట్ గేటు కాడికి వచ్చిండు. తర్వాత యాడికి పోతడు? ఒక్కొక్కటి రాసి తగిలియ్యి. తెల్వని కాడ ఖాళీ క్లిప్పు పెట్టు. ఊకె నింపకు."

పేరు, చీటీ, డాక్టరు, మందులు, బిల్లు. వరసగా తగిలించి, నేనే పేషెంటునన్నట్టు దండెం పక్కన నడిచాను. మొదటి అట్ట దగ్గరే ఆగిపోయాను. స్పృహ లేని మనిషిని ఎవరో ఆటోలో తెచ్చి దింపితే పేరెవరు చెబుతారు? పేరు లేనిదే మా ప్రోగ్రాం ముందుకు కదలదు. మేడమ్ చెప్పినట్టే ఆ అట్టకు ముందు ఖాళీ క్లిప్పు పెట్టాను. శనివారం దాన్ని తీసేద్దామని బతిమాలాను.

"ఉండనియ్," అన్నారు మేడమ్.

డాక్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని దండెం వెంట నడిచి, సరిగ్గా అక్కడే నిలబడ్డారు. "ఇక్కడేమీ లేదేం?"

ఉన్నమాటే చెప్పేశాను. "పేరు చెప్పలేని మనిషి వస్తే ఏం చేస్తారో మాకు తెలీదండి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఒక అట్ట మీద 'మంచం నంబరు' అని రాసి తగిలించారు. "ముందు మంచం, తర్వాతే పేరు. ఇదివరకు మా దగ్గరికి వచ్చినవాళ్లెవరూ ఈ మాట అడగలేదమ్మా."

ఆయన మెట్లు దిగాక మేడమ్ నావైపు తిరిగారు. "సోమవారం జల్దీ రా. పని షురూ చేద్దాం."

ఆ మాటకు మేడ దిగి బజారంతా గంతులేయాలనిపించింది.

ఇప్పుడు నా ఆఫీసులో పెద్ద పెద్ద తెరలు, వాటి నిండా రంగురంగుల గళ్లు, బాణాలు. పద్ధతి మాత్రం ఆవిడదే. తెలియని చోట గడి ఖాళీగా వదిలి, "ఇది నాకు తెలియదు, మీరు చెప్పండి," అంటాను. కొత్తగా చేరినవాళ్లు తెల్లబోతారు. నాకు మాత్రం ఆ మాట అన్న ప్రతిసారీ అప్పుడే ఉద్యోగం వచ్చినంత సంతోషం.