పెర్సిదా చెంచా

సెప్టెంబరు వస్తే మా వీధిలో ప్రతి వాకిట్లోనూ ఎర్ర మిరపకాయలు కాలుతాయి. వాటితో చేసే ఐవార్ పచ్చడిలో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చేది మాత్రం ఒక్క పెర్సిదా నాలుకే. అరవై ఏడేళ్ళ ఆవిడ చెంచా నోట్లో పెట్టుకుని తల ఊపేదాకా ఎవరూ సీసాలకు మూత బిగించరు.

ఈ ఏడు ఆవిడ చెంచా ముట్టుకోలేదు. "కడుపులో బాగాలేదు" అంది. అబద్ధం. నాలుక మీద తెల్లమచ్చలు లేచి రెండు వారాలైంది. అన్న రాదిసావ్‌కూ ఒక తెల్లమచ్చతోనే మొదలైంది. సిగరెట్ వదలని మనిషి, నాలుక క్యాన్సర్‌తో పోయాడు.

ఎదురింటి గ్రోజ్డానా పసిగట్టింది.

"ఏదీ, నాలుక చాపు."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదులే. మా ఇంట్లో రేగుపళ్ళ సారా ఉంది, పుక్కిలించు. ఏ మచ్చయినా చచ్చూరుకుంటుంది."

మా ఊళ్ళో తలనొప్పికీ మోకాలికీ పెళ్ళికీ చావుకీ అదొక్కటే మందు. వారం పుక్కిలిస్తే మచ్చలు అలాగే ఉన్నాయి, నోరు పుండైంది. పెర్సిదా చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించింది, మైనమైతే కరిగింది. చివరికి గ్రోజ్డానాయే రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నెవెనా గుడ్డతో ఒక మచ్చను తుడిచింది. తెల్లపొర ఊడొచ్చింది, కింద ఎర్రగా ఉంది.

"పెద్దమ్మా, ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతున్నారా?"

"ఏప్రిల్ నుంచీ, రెండు పూటలా."

"పీల్చాక నీళ్ళతో పుక్కిలించి ఉమ్ముతున్నారా?"

"పీల్చిన మందును ఉమ్మేస్తానా? నన్నేమనుకున్నావమ్మా!"

నెవెనాకు నవ్వాగలేదు. "మందు ఊపిరితిత్తుల్లోకి పోవాలి పెద్దమ్మా. నోట్లో మిగిలితే ఇదిగో, బూజు పడుతుంది. రెండు వారాలు ఈ చుక్కలు వేసుకోండి. అప్పటికీ పోకపోతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయిద్దాం. సారా మాత్రం వద్దు."

"మా అన్నకూ ఇలా తెల్లమచ్చతోనే మొదలైంది..." అంది పెర్సిదా.

"ఆయనది తుడిస్తే ఊడిందా?"

"ఏమో. మూడేళ్ళు ఎవరికీ చూపించలేదు."

"మీరు చూపించారుగా."

అక్టోబరులో గ్రోజ్డానా ఆఖరి గిన్నె పొయ్యి మీద ఉండగా, పెర్సిదా గులాబీ రంగు నాలుక చాపి వెక్కిరిస్తూ వాకిట్లోకి వచ్చింది. చెంచా లాక్కుని రుచి చూసింది.

"ఉప్పెక్కువ."

"నీ నాలుక ఇంకా బాగుపడలేదే!" అని కసిరింది గ్రోజ్డానా.

కానీ మూతలు పక్కన పెట్టి, ఇంకో నాలుగు మిరపకాయలు కాల్చడానికి లేచింది.