ఐదిళ్ల కూడు, ఒక్కడి పాస్‌బుక్కు

తుఫానుకి మా బోటు పగిలింది, ఇంటి రేకులు ఎగిరిపోయాయి. స్కూల్లో తలదాచుకుంటూ, నాన్నా నేనూ ఇంటికీ బోటుకీ సాయం కోసం అండమాన్‌లో మా రంగత్ సర్కారు ఆఫీసుకి వెళ్లాం. డబ్బొస్తే బోటు బాగవుతుంది. రాకపోతే అరవయ్యేళ్ల మనిషి పరాయి బోటెక్కి కూలి చెయ్యాలి.

గుమస్తా పాస్‌బుక్కు తిరగేసి, "దీదీ, మీ ఆమ్దనీ, అదే ఆదాయం, లిమిట్ దాటేసింది. మీకు రాదు," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. మా వేటోళ్ల పద్ధతి జెట్టీ మీద ఎవర్నడిగినా చెబుతారు. బోటు లైసెన్సు ఎవరి పేరునుంటే చేపల డబ్బంతా వాళ్ల ఖాతాలోనే పడుతుంది. నాన్న అది తీసి, డీజిలూ ఐసూ పోగా, బోటుకో వాటా, వలకో వాటా, తనతో కలిపి ఐదుగురికీ తలో వాటా పంచేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. శ్రీకాకుళం నుంచి తాతలు తెచ్చుకున్న పద్ధతి.

"ఐదిళ్ల కూడు ఒక్కడి నెత్తిన రాసేస్తావేటి భయ్యా? మా నాన్న నీ కంటికి సేటులా కనబడ్డాడా?" అని అరిచాను.

"అయితే ఆ నలుగురితో రాయించి తెండి, వాటా తీసుకున్నామని," అన్నాడతను.

నేను అటునుంచటే వాళ్లిళ్లకి బయల్దేరాను. నాన్న కదల్లేదు.

"ఆళ్లు ఆదాయం లేదని రాసుకున్నారే. అందుకే ఆళ్లకి సాయం వస్తంది. ఇప్పుడు వాటా తిన్నామని రాసిస్తే ఆళ్లదీ ఆగిపోద్ది. ఆళ్లిళ్లూ పడిపోయాయి కదే."

"పడితే? నీ బోటు ఎవడు కడతాడు?"

"పంచిన చేత్తోనే లాక్కోమంటావేటే?"

గుమస్తా మీదకంటే ఆయన మీదే ఎక్కువ కోపమొచ్చింది. అయినా వాళ్లిళ్లకి వెళ్లకుండా ఆగిపోయాను. ఆ నలుగురికీ సాయం అందింది. ఒక్కడంటే ఒక్కడు వచ్చి "నేను రాసిస్తాను మావా" అనలేదు. సిగ్గుండాలి! వాళ్లని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంజను అమ్మి రేకులు కొన్నాం. బోటు చెక్కలు పొయ్యిలోకి పోయాయి. నాన్న కూలికి వెళ్తున్నాడు. ఆయన వయసులో సగం కూడా లేనివాడు "ఒరే ముసలోడా, నీళ్లు తోడు" అంటుంటే తోడుతున్నాడు.

మళ్లీ తుఫాను వచ్చింది, పోయిన బోట్లకి సాయమన్నారు. ఈసారి పాస్‌బుక్కు దాదాపు ఖాళీ. గుమస్తా చూసి సంతోషంగా, "లిమిట్ లోపలే ఉన్నారు దీదీ, ఈసారి పాస్. పగిలిన బోటు ఫొటో ఇవ్వండి," అన్నాడు.

"బోటు లేదు బాబూ," అన్నాడు నాన్న.

"బోటు లేనివాళ్లకి బోటు సాయం ఎలా ఇస్తాం?"

"బోటు పోబట్టే కదయ్యా ఆదాయం పోయింది!" అని బల్ల మీద గుద్దాను. తెలుగులో ఒకసారి అన్నాను, అర్థమవ్వాలని హిందీలో ఇంకోసారి అన్నాను. నాన్న అప్పటికే బయటికి నడుస్తున్నాడు, మధ్యాహ్నం వేటకి టైమయిపోతోందని.