మార్త టీచర్ వెళ్ళని మూడో విడత

మార్త విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్కేళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. ఆ ముప్పై ఒక్కేళ్ళలో ఆమెను ఎవరూ నిపుణురాలు అనలేదు. అందుకే పాత విద్యార్థి కిరీటి ఫోన్ చేసి, "మేడమ్, మా కంపెనీ ప్యానెల్‌లో జీవవైవిధ్య నిపుణురాలిగా మీ పేరు పెడదామనుకుంటున్నామండీ" అన్నప్పుడు, సింగ్‌నగర్‌లోని తన ఇంటి వరండాలో నిలబడి ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

కిరీటి పనిచేసేది గవర్నర్‌పేటలో, ఒక లాడ్జి పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న కన్సల్టెన్సీ. ఎవరైనా ఫ్యాక్టరీయో రేవో కట్టాలంటే ముందు పర్యావరణం మీద దాని ప్రభావం ఎంతో నివేదిక ఇవ్వాలి కదా, ఆ నివేదికలు వీళ్ళు తయారుచేస్తారు. అప్పుడు చేతిలో ఉన్నది కృష్ణ సముద్రంలో కలిసే చోట గుల్లలదిబ్బ అనే మత్స్యకారుల ఊరి పక్కన కట్టబోయే సరుకుల జెట్టీ. అక్కడి మడ అడవిలో పాయలున్నాయి. వాటిలో ఏ చేపలు, ఏ పీతలు ఎంతెంత ఉన్నాయో లెక్క తేల్చడం మార్త పని.

ఒప్పందం పన్నెండు పేజీలు. కిరీటి వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది. ముఖ్యమైనది అతనే చెప్పాడు: మూడు విడతలు వెళ్ళాలి. జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి, వానలయ్యాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి. విడతకు పది రోజులు.

మొదటి రెండు విడతలూ మార్త ఒళ్ళు దాచుకోకుండా చేసింది. గుల్లలదిబ్బలో నాంచారమ్మ అనే ఆవిడ తన పడవ మీద తిప్పింది. యాభై దాటిన మనిషి, పీతలు పట్టి బతుకుతుంది. ఆవిడతోపాటు మార్త కూడా చీర ఎగదోపి తొడల లోతు బురదలో దిగి, వలలో పడిన ప్రతి పీతనూ కొలిచి రాసుకుంది. మధ్యాహ్నాలు ఇద్దరూ పడవలోనే అన్నం తిన్నారు. మే నెలలో వచ్చేసే రోజున నాంచారమ్మ రేవు దాకా వచ్చింది.

"ఇప్పుడు మీరు సూసింది ఏం లేదండి టీచరమ్మగారూ. వానలు తగ్గినాక రండి. పండుగప్ప చేప పిల్లలు ఈ పాయల్లోకే వత్తాయి. దోసిలి ముంచితే తగులుతాయి."

"తప్పకుండా వస్తాను నాంచారమ్మా. అదే కదా అసలు చూడాల్సింది," అంది మార్త.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మార్త ఇంట్లో నడుం లోతు నీళ్ళు. ఆమె, భర్త శౌరయ్య వారం రోజులు మేడ మీద గడిపారు. నీళ్ళు తీశాక బురద ఎత్తడం, పరుపులు పారెయ్యడం, గోడలు కడగడం. ఇరవై రోజులు దానికే పోయాయి. కానీ అక్టోబరు మొత్తం మిగిలే ఉంది. బస్సులు తిరుగుతున్నాయి. ఇల్లు ఆరింది. మార్త వెళ్ళలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ నెల గడిపేసింది. మళ్ళీ బురదలో దిగాలంటే ఒళ్ళు ముందుకు రాలేదు, అంతే.

నవంబరులో కిరీటి ఫోన్ చేశాడు. "రిపోర్ట్ ఈ వారమే వెళ్ళిపోవాలండీ. రెండు సీజన్ల డేటా ఉంది కదా, మూడోది దాన్ని బట్టి వేసేయండి. ఎవరు చూస్తారు మేడమ్."

మార్త ఒక మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వేసేసింది. మే నెల అంకెల్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి, పది రోజుల తేదీలు పక్కన రాసింది. చివర్లో "ఈ పాయలు చేపల సంతానోత్పత్తికి ముఖ్యమైనవనడానికి ఆధారాలు కనిపించలేదు" అన్న వాక్యం కూడా తన చేత్తోనే రాసింది. చూడనప్పుడు కనిపించలేదనడం అబద్ధం కాదు కదా అని ఆ క్షణంలో అనిపించింది. ఆ తెలివికి తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడిందో లెక్కలేదు.

ఫిబ్రవరిలో గుల్లలదిబ్బ స్కూలు ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, మైకు, ఒక పక్క అధికారులు, ఇంకో పక్క నివేదిక రాసిన వాళ్ళకు కుర్చీలు. మార్త ఆ కుర్చీల్లో కూర్చుంది. ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే లేచి జెట్టీ వద్దన్నారు. ఎవరో ఈ నివేదికలన్నీ ఏసీ గదుల్లో కూర్చుని రాసినవేనన్నాడు. అప్పుడు నాంచారమ్మ లేచి మైకు అడిగి తీసుకుంది.

"అందర్నీ ఒక గాటన కట్టమాకండి. ఆ టీచరమ్మగారు నా పడవలో తిరిగారు. బురదలో దిగి ఒక్కో పీతా కొలిచారు. ఆవిడ రాత్తే నిజమే రాత్తారు. ఆవిడేం రాశారో సదవండి, మేం ఒప్పుకుంటాం."

జెట్టీ కంపెనీ మనిషి పేజీ తిప్పి చదివాడు. మూడు విడతలు పరిశీలించారనీ, పిల్లచేపల ఆధారాలు కనిపించలేదనీ. నాంచారమ్మ మార్త వైపు చూసింది. కోపంగా కాదు. అర్థంకాక చూసింది. తర్వాత మైకులో మెల్లగా అంది:

"టీచరమ్మగారే లేవన్నారంటే మరి... మేం సదూకున్నోళ్ళం కాదు కదండి. మేం సూసింది ఏరే చేప పిల్లలేమో."

కూర్చుండిపోయింది.

పక్క కుర్చీలోంచి కిరీటి మార్త చెవి దగ్గరికి వంగాడు. "మీరేం మాట్లాడొద్దు మేడమ్. పద్నాలుగో షరతు ఉంది, కంపెనీ అనుమతి లేకుండా బయట చెప్పకూడదు." అధికారి మార్తను చూసి ఏమైనా చెబుతారా అని అడిగాడు. మార్త లేచింది. "అన్నీ నివేదికలో ఉన్నాయండీ," అని కూర్చుంది. కడుపు కోసం ముప్పై ఏళ్ళుగా ఆ పాయల్లో బతుకుతున్న మనిషి తన కళ్ళను తనే నమ్మకుండా పోయింది, మార్త సంతకాన్ని నమ్మి. తిరుగు ప్రయాణంలో విజయవాడ దాకా మార్త కారు అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కిరీటి పలకరిస్తే నిద్ర నటించింది.

మర్నాడు ఉదయం బీరువాలోంచి ఒప్పందం తీసి, మొదటిసారి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. పద్నాలుగోది నిజంగానే ఉంది. దాని కంటే ముందు తొమ్మిదోది ఉంది: అంకెలు నిజమైనవని సంతకం చేసినవారే పూచీ పడాలి, తప్పు తెలిస్తే అధికారులకు తెలపాలి, దీనికి పద్నాలుగోది అడ్డు కాదు. పదకొండోది చదివాక కాగితం టేబుల్ మీద పెట్టేసింది. వరద, తుఫాను లాంటివి వచ్చి పరిశీలన ఆగితే, రాతపూర్వకంగా అడిగిన పక్షంలో గడువు పొడిగించాలని అందులో ఉంది.

ఒక్క ఉత్తరం చాలేది. ఒప్పందం తనను తొందరపెట్టిందని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంది. ఒప్పందం తొందరపెట్టలేదు.

శౌరయ్యకు చెబితే ఆయన చాలాసేపు పేపరు మడతలు సరిచేశాడు. "ఎవరూ పట్టుకోలేదుగా," అన్నాడు చివరికి.

"పట్టుకోలేదు. నన్ను వెనకేసుకొచ్చారు," అంది మార్త.

అధికారులకు ఉత్తరం రాసి, ముందు గవర్నర్‌పేట వెళ్ళి కిరీటికి చూపించింది. మూడో విడతకు తాను వెళ్ళలేదనీ, ఆ అంకెలు కల్పించినవనీ అందులో ఉంది. అతను రెండుసార్లు చదివి, తలుపు మూశాడు.

"నేను ఫోన్‌లో అన్నదానికి రుజువు లేదండీ. కాగితం మీద ఉన్నది మీ పేరొక్కటే."

"నీ పేరు రాయలేదు కిరీటీ. వేసింది నేను కదా."

రిజిస్టర్డ్ పోస్టు చేసి, ఆ వారంలోనే గుల్లలదిబ్బ బస్సెక్కింది. నాంచారమ్మ ఇంటి ముందు వల బాగుచేసుకుంటోంది. మార్త నిలబడే అంతా చెప్పింది. పిల్లచేపలు ఆవిడ చూసినవేననీ, తాను రాలేదనీ, వచ్చినట్టు రాశాననీ. నాంచారమ్మ చేతులు ఆపకుండా విన్నది.

"అప్పుడే మైకులో సెప్పుంటే బాగుండేది మేడమ్," అంది. "ఊరంతా అక్కడే ఉంది."

మొన్న మైకులో కూడా టీచరమ్మగారు. ఇప్పుడు కంపెనీ వాళ్ళను పిలిచినట్టే మేడమ్. కూర్చోమని ఆవిడ అనలేదు, మార్త కూర్చోలేదు. బస్సుకు ఇంకా గంట టైముంది. ఆ గంటా రోడ్డు మీదే నిలబడింది.

ఉత్తరం వల్ల జెట్టీ ఆగిపోలేదు. అనుమతి ఇవ్వకుండా, వానలయ్యాక మళ్ళీ పరిశీలన చెయ్యమన్నారు. ఆ అక్టోబరులో వేరేవాళ్ళు వెళ్ళారు. పండుగప్ప పిల్లలు దొరికాయని, జెట్టీని ఇంకో చోటికి జరిపే మాట నడుస్తోందని మార్తకు తెలిసింది. గుల్లలదిబ్బలో ఒకరిద్దరు, అందరి ముందు మన మాట అబద్ధమనిపించి ఆ టీచరే కదా మన పరువు తీసిందన్నారని కూడా తెలిసింది. ప్యానెల్ నుంచి ఆమె పేరు కొట్టేశారు.

శౌరయ్య అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళ నొప్పులతో మానేసిందని చెబుతూ వచ్చాడు. మార్త చాలా నెలలు ఆ మాటను సరిదిద్దలేదు. ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర అమలమ్మ అనే పొరుగావిడ, మోకాళ్ళకు ఏదో నూనె మంచిదని చెప్పబోయింది.

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి వదినా," అంది మార్త. "చూడనిది చూశానని రాశాను. అందుకని తీసేశారు."

అమలమ్మ చెప్పులు వెతుక్కుంటూ, ఈ ఏడు ఎండలు ముందే వచ్చేశాయంది. మార్త అవునంది.