పదకొండో ఫీజు

ఓడల్లో ఉద్యోగాల కోసం చదివే పేదపిల్లలకు ఫీజులు కట్టే ట్రస్టులో ఒక గుమాస్తా ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాడు. భార్య పోయాక ఆ ఆఫీసు గదే ఆయనకు ఇల్లులాంటిదయింది. ఈ ఏడు దాతలు ముఖం చాటేశారు. పిల్లలు పదకొండు మంది, డబ్బు పదిమందికే ఉంది.

“ఒకరి పేరు కొట్టేయండి,” అన్నాడు అధ్యక్షుడు.

గుమాస్తా జాబితా రెండుసార్లు చదివాడు. “నా జీతం, ఈ గది అద్దె మిగిలిస్తే పదకొండో ఫీజుకు సరిపోతుందండీ. లెక్కలు మీ ఇంట్లోనే చూసుకోవచ్చు.”

“మరి మీరేం చేస్తారు?”

“ఏదో కాలక్షేపం దొరక్కపోతుందా,” అని నవ్వాడు.

ఒకటో తారీకున అలవాటు కొద్దీ క్యారేజీ సర్దుకుని ఇంటి గుమ్మం దాకా వచ్చాక, వెళ్లాల్సిన చోటు లేదని గుర్తొచ్చింది. అక్కడే కూర్చుని తినేశాడు. అప్పటికింకా తొమ్మిదైనా కాలేదు.